ఆచార్య హాల్డేన్ జీవితము – మేనరికపు లెక్క

ఆచార్య జె. బి. యస్. హాల్డేన్ పేరు మన సంఘస్థులలో కళాశాలలో జీవశాస్త్రం చదివినవారు విని ఉంటారు. తక్కినవారిలో చాలామందికి అది కొత్త పేరు కావచ్చు. ఇంగ్లండులో పేరున్న కుటుంబంలో పుట్టి, 64 సంవత్సరాల వయసులో మన దేశానికి వచ్చి, భారత పౌరుడై, చివరకు తన దేహాన్ని కాకినాడ వైద్య విద్యార్థులకు రాసి ఇచ్చి వెళ్ళిన శాస్త్రజ్ఞుడు ఆయన. బిడ్డకు తల్లి పోలిక ఎందుకు వస్తుంది, తాత జబ్బు మనవడికి ఎందుకు దిగుతుంది, అక్క కూతురిని చేసుకుంటే పుట్టే పిల్లలకు ఏమవుతుంది అనే ప్రశ్నలకు లెక్క కట్టి జవాబు చెప్పినవారిలో ఆయన ముందువరుసవాడు. ఈ మూడో ప్రశ్న మన కదిరి, గాండ్లపెంట ప్రాంతాల్లో ప్రతి ఇంటి గడపలోనూ ఉన్నదే కనుక, ఆయన జీవితాన్ని ఈ సంచికలో చెప్పుకోవడం అసందర్భం కాదనుకుంటాను. ఆయన నాస్తికుడు. ఆ సంగతి దాచిపెట్టి ఆయన కథ చెప్పడం న్యాయం కాదు గనుక ముందే చెబుతున్నాను.

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గురించి పరిశోధించిన ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు. బొగ్గుగనుల్లో విషవాయువులు కార్మికుల ప్రాణాలు ఎలా తీస్తున్నాయో తెలుసుకునేందుకు ఆ వాయువులను తానే పీల్చి చూసేవాడు. కొడుకును కూడా చిన్నతనంలోనే గనిలోకి వెంటబెట్టుకుపోయాడు. ఒకసారి గని పైకప్పు దగ్గర తేలికపాటి వాయువు పేరుకుని ఉన్నచోట పిల్లవాణ్ణి నిలబెట్టి షేక్‌స్పియరు నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పమన్నాడట. కొంతసేపటికి పిల్లవాడు ఆయాసపడి, కాళ్ళు తేలిపోయి నేలమీద పడ్డాడు. కింద గాలి మంచిది కావడంతో మళ్ళీ తేరుకున్నాడు. ఆ విధంగా ఆ వాయువు గాలికన్నా తేలికైనదనీ, పీల్చి పడిపోయినవాడు అక్కడే చావడనీ ఆ బాలుడు పుస్తకం తెరవకుండానే నేర్చుకున్నాడు. ఈ కాలపు తల్లిదండ్రులు ఎవరూ మెచ్చే బోధనా పద్ధతి కాదిది. అయినా తన శరీరాన్నే పరీక్షాపాత్రగా వాడుకునే అలవాటు ఆ తండ్రి నుంచే ఈ కొడుకుకు అబ్బింది.

1901లో, ఎనిమిదేళ్ళ వయసులో, తండ్రి అతణ్ణి ఒక ఉపన్యాసానికి తీసుకువెళ్ళాడు. విషయం మెండెల్ సూత్రాలు. అప్పటికి ఆ సూత్రాలు మళ్ళీ వెలుగులోకి వచ్చి ఒక్క సంవత్సరమే అయింది.

మెండెల్ సంగతి ఇక్కడ నాలుగు మాటలు చెప్పక తప్పదు. గ్రెగోర్ మెండెల్ (1822–1884) బ్రున్ పట్టణంలోని అగస్టీనియన్ మఠంలో సన్యాసి. మఠం తోటలో ఎనిమిదేళ్ళపాటు బఠాణీ మొక్కలు పెంచి, గింజలను ఓపికగా లెక్కపెట్టాడు. గుండ్రటి గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో సంపర్కం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే వచ్చాయి. ముడతలు మాయమైపోయాయి. ఆ గింజలనే మళ్ళీ నాటితే రెండవ తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి వచ్చాయి. అంటే సుమారుగా మూడింటికి ఒకటి. పోయిందనుకున్న లక్షణం పోలేదు, దాగి ఉంది. ప్రతి లక్షణానికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కారకాలు బిడ్డకు చేరతాయనీ, రెండూ వేరువేరుగా ఉన్నప్పుడు ఒకటి పైకి కనబడి రెండవది లోపల అణగి ఉంటుందనీ ఆయన తేల్చాడు. మన పాఠ్యపుస్తకాలు పైకి కనబడేదాన్ని బహిర్గత లక్షణమనీ, అణగి ఉండేదాన్ని అంతర్గత లక్షణమనీ అంటాయి. 1865లో బ్రున్ పట్టణపు శాస్త్రసభలో చదివి, 1866లో అచ్చువేసిన ఈ సంగతిని ముప్పై నాలుగేళ్ళపాటు లోకం పట్టించుకోలేదు. ఆ కారకాలకే తరువాత జన్యువులని పేరు వచ్చింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు గూళ్ళు తోలే రైతుకు ఇది అనుభవంలో తెలుసు. మైసూరు జాతి ఆడ చిలుకను, తెల్లగూడు కట్టే బైవోల్టిన్ మగ చిలుకతో కలిపి చేసిన సంకరం గుడ్లనే అతడు ప్రతి పంటకూ కొత్తగా కొంటాడు. ఆ సంకరం పురుగులు పసుపుపచ్చ గూళ్ళు కడతాయి, ఎండకు తట్టుకుంటాయి, పంట బాగా వస్తుంది. మరి ఆ గూళ్ళలోంచి వచ్చిన చిలుకలతోనే గుడ్లు పెట్టించుకుంటే డబ్బు మిగులుతుంది కదా అంటే, ఆ పని చేయడు. చేస్తే తరువాతి పంటలో గూళ్ళు రకరకాలుగా విడిపోతాయి. కొన్ని తాత పోలిక, కొన్ని అవ్వ పోలిక, కొన్ని రెండూ కానివి. మెండెల్ బఠాణీలో చూసినదే హిందూపురం తట్టల్లో పట్టురైతు చూస్తున్నాడు.

ఉపన్యాసం విన్న బాలుడు ఊరుకోలేదు. ఇంట్లో చెల్లెలు నవోమీ గినీ పందులు పెంచేది. అవి పెరిగి పెరిగి మూడు వందల దాకా అయ్యాయి. అన్నాచెల్లెళ్ళిద్దరూ వాటి రంగులు, వాటి పిల్లల రంగులు రాసుకుంటూ కూర్చునేవారు. తరువాత ఎలుకల మీద ఇదే పని చేసి, రెండు రంగు లక్షణాలు విడివిడిగా కాక జంటగా సంక్రమిస్తున్నట్లు కనిపెట్టారు. ఒకే బండిలో ఎక్కిన ఇద్దరు ప్రయాణికులు కలిసే దిగినట్లు, ఒకే క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉన్న జన్యువులు కలిసే ప్రయాణం చేస్తాయి. ఆ వ్యాసం 1915లో వెలువడింది. అందులో పాలుపంచుకున్న మిత్రుడు స్ప్రంట్ అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. హాల్డేన్ కూడా యుద్ధంలోనే ఉన్నాడు. ఫ్రాన్సులో ఒకసారి, మెసపొటేమియాలో ఒకసారి గాయపడ్డాడు. రెండవసారి గాయపడ్డాక కోలుకోవడానికి అతణ్ణి భారతదేశానికి పంపారు. ఆ రోజుల్లోనే ఈ దేశం మీద అతనికి మక్కువ కలిగింది. అయితే పాలించే జాతివాడుగా కాక, ఇక్కడివారితో సమానుడుగా బ్రతకగలిగిన రోజే మళ్ళీ రావాలని నిశ్చయించుకున్నాడు. ఆ రోజు రావడానికి నలభై సంవత్సరాలు పట్టింది.

ఆశ్చర్యమేమంటే ఆయనకు విజ్ఞానశాస్త్రంలో పట్టా లేదు. ఆక్స్‌ఫర్డులో చదివినది గణితం, ఆపైన గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్త్వం. ఆ గణితమే ఆయన ఆయుధమైంది. 1923 నుంచి కేంబ్రిడ్జిలో, 1933 నుంచి లండను యూనివర్సిటీ కాలేజీలో పనిచేశాడు. డార్విన్ చెప్పిన ప్రకృతివరణాన్ని, మెండెల్ చెప్పిన వంశపారంపర్య సూత్రాలను కలిపి, ఒక జన్యువు ఒక జనాభాలో ఎన్ని తరాల్లో ఎంత పెరుగుతుంది, ఎంత తరుగుతుంది అని 1924 నుంచి వరుసగా వ్యాసాలు రాశాడు. ఫిషర్, సీవాల్ రైట్ అనే మరి ఇద్దరితో పాటు ఈ శాస్త్రశాఖకు పునాది వేసినవాడని లోకం ఆయనను గౌరవిస్తుంది.

ఆయన పని అర్థం కావాలంటే కణం సంగతి తెలియాలి. మన శరీరంలో సుమారు ముప్పై లక్షల కోట్ల కణాలున్నాయని నేటి అంచనా. ప్రతి కణంలోనూ కేంద్రకం, అందులో దారపు పోగుల వంటి క్రోమోజోములు ఉంటాయి (ఎర్ర రక్తకణాలు కేంద్రకం పోగొట్టుకుంటాయి, అది వేరు సంగతి). మనిషికి ఇవి 46. తల్లి ఇచ్చినవి 23, తండ్రి ఇచ్చినవి 23. ఈ సంఖ్య సరిగా తేలినది 1956లోనే. జన్యువులు ఈ పోగుల మీదనే వరుసగా ఉంటాయి.

కణం రెండు విధాలుగా విడిపోతుంది. మొదటిది సమవిభజన. విడిపోయే ముందు కణం తన 46 పోగులకూ నకళ్ళు తీసుకుని, రెండు కొత్త కణాలకూ పూర్తి 46 చొప్పున పంచి ఇస్తుంది. గాయం మానడం, గోరు పెరగడం, పసిబిడ్డ పెద్దవాడు కావడం అన్నీ దీనివల్లనే. మనకు దగ్గరలోని తిమ్మమ్మ మర్రిమానును చూసినవారికి ఇది తేలికగా తెలుస్తుంది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన ఆ చెట్టు దాదాపు అయిదు ఎకరాల మేర కమ్ముకుని ఉంది. వందల ఊడలు నేలలో దిగి మానులైపోయి, ఏది మొదటి మానో చెప్పలేము. తోపులా కనబడినా అది ఒకే చెట్టు. ఒక్క చిన్న విత్తనంలోని ఒక్క కణం రెండుగా, నాలుగుగా విడిపోతూ పోతే అయినది. తూర్పు కొమ్మలోని ఆకుకూ పడమటి ఊడకూ ఉన్న జన్యువులు ఒకటే.

రెండవది క్షయకరణ విభజన. ఇది అండం, వీర్యకణం తయారయ్యేచోట మాత్రమే జరుగుతుంది. ఇక్కడ జంటలు విడిపోయి, ప్రతి జంటలో ఒకటే అండానికి చేరుతుంది. 46 కాస్తా 23 అవుతుంది. ఏ జంటలో ఏది పోతుందో ఎవరూ చెప్పలేరు, చీటీలు తీసినట్లే. పైగా విడిపోయే ముందు జంటపోగులు రెండూ ఒకదానిలో ముక్కలు మరొకదానితో మార్చుకుంటాయి. అందుకనే ఒక తల్లి కడుపున పుట్టిన అయిదుగురూ అయిదు రకాలుగా ఉంటారు. ఒకరికి మేనమామ ముక్కు, మరొకరికి నాయనమ్మ రంగు. ఆ మర్రిమాను పండ్లలోని విత్తనాలు నాటితే వచ్చే మొక్కలు కూడా అచ్చంగా తల్లిచెట్టు నకళ్ళు కావు.

మనిషి జంటల్లో ఒకటి మాత్రం ఆడవారికి ఒక విధంగా, మగవారికి ఒక విధంగా ఉంటుంది. ఆడవారికి రెండు ఎక్స్ పోగులు. మగవారికి ఒక ఎక్స్, ఒక పొట్టి వై. ఎక్స్ పోగు మీద లోపమున్న జన్యువు ఒకటి ఉంటే, ఆడపిల్లకు రెండవ ఎక్స్ కాపు కాస్తుంది. మగపిల్లవాడికి ఆ కాపు లేదు. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు ఇందువల్లనే తల్లుల ద్వారా వచ్చి కొడుకులను పట్టుకుంటుంది. విక్టోరియా రాణి తాను ఆరోగ్యంగా ఉండి, ఆ జన్యువును తన సంతానం ద్వారా ఐరోపా రాజకుటుంబాలకు అందించింది. 1904లో పుట్టిన రష్యా యువరాజు అలెక్సీ దాని బారిన పడ్డవాడే. హాల్డేన్ 1935లో ఒక ప్రశ్న వేసుకున్నాడు. ఈ జబ్బున్న పిల్లలు ఆ రోజుల్లో పెళ్ళీడుకు రాకుండానే ఎక్కువగా చనిపోయేవారు. ప్రతి తరంలోనూ చెడు జన్యువులు వారితో పాటు సమాధి అవుతున్నప్పుడు, జబ్బు ఇంకా లోకంలో ఎందుకు మిగిలి ఉంది? కొత్తగా పుడుతూ ఉండాలి. ఎంత పోతున్నదో లెక్కకడితే ఎంత పుడుతున్నదో తెలుస్తుంది. అలా మనిషి జన్యువులో మార్పు జరిగే వేగాన్ని మొట్టమొదటగా అంచనా కట్టాడు. సుమారు యాభై వేలలో ఒకటి. ఈ మార్పులు తల్లి నుంచి కన్న తండ్రి నుంచి ఎక్కువగా వస్తాయని 1947లో చెప్పాడు. ఇటీవలి జన్యు పరీక్షలు కూడా ఆ మాటనే బలపరిచాయి. బిడ్డకు జబ్బు వస్తే కోడలిని ఆడిపోసుకునే అత్తలు ఈ సంగతి తెలుసుకోవాలి. మగపిల్లవాడు పుట్టకపోతే కోడలిని తిట్టడమూ అంతే. వై పోగు ఇవ్వవలసినది మగవాడు.

1949లో ఆయన మరొక ఊహ చేశాడు. మధ్యధరా ప్రాంతాల్లో తలసీమియా అనే రక్తహీనత ఎక్కువ. రెండు చెడు జన్యువులు చేరిన బిడ్డ చిన్నతనంలోనే ప్రాణాపాయంలో పడుతుంది. అయినా అది తగ్గిపోకుండా ఎందుకుంది? ఒక్క చెడు జన్యువు ఉన్నవారికి మలేరియా తట్టుకునే శక్తి ఉంటుందేమోనని ఆయన అన్నాడు. 1954లో ఆలిసన్ అనే వైద్యుడు ఆఫ్రికాలో కొడవలి కణ రక్తహీనత విషయంలో ఇదే నిజమని చూపించాడు. మన రాష్ట్రపు మన్యం ప్రాంతాల్లో గిరిజనులను బాధిస్తున్నది ఆ జబ్బే. దాని నిర్మూలనకు భారత ప్రభుత్వం 2023లో ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది.

సొంత దేహం మీద ప్రయోగాలు మాత్రం ఆయన మానలేదు. 1939లో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయిన తరువాత, నీటి అడుగున మనిషి ఎంత ఒత్తిడికి తట్టుకోగలడో తెలుసుకోవడానికి ఇనుప గదిలో కూర్చుని తన మీదనే పరీక్షలు చేయించుకున్నాడు. మూర్ఛలు వచ్చి వెన్నెముక దెబ్బతింది. చెవి గూబ చిల్లుపడింది. ఆ నడుము నొప్పి చనిపోయేదాకా ఉంది.

ఇంతటి మనిషి జీవితంలో ఒక మచ్చ ఉంది. దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఆయన 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. ఆ రోజుల్లో రష్యాలో లైసెంకో అనే అతడు మెండెల్ సూత్రాలు అబద్ధమనీ, మొక్క జీవితకాలంలో సంపాదించిన గుణాలు దాని విత్తనాలకు సంక్రమిస్తాయనీ ప్రచారం చేశాడు. మనం తరతరాలుగా ఆడపిల్లలకు చెవులు కుట్టిస్తూనే ఉన్నాము. ఒక్క ఆడపిల్ల అయినా చెవికి రంధ్రంతో పుట్టిందా? లైసెంకో వాదం తప్పని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద శాస్త్రం అక్కరలేదు. కాని పాలకుల అండ అతనికుంది. అతణ్ణి ఎదిరించిన మహాశాస్త్రజ్ఞుడు వవిలోవ్ 1940లో అరెస్టయి 1943లో జైలులోనే చనిపోయాడు. ఆ వవిలోవ్ ఆహ్వానం మీదనే హాల్డేన్ 1928లో రష్యా వెళ్ళి వచ్చాడు. స్నేహితుడి గతి అలా అయినా, 1948లో రష్యాలో జన్యుశాస్త్రాన్నే నిషేధించినా, హాల్డేన్ బహిరంగంగా గట్టిగా ఖండించలేకపోయాడు. మెల్లగా, చప్పుడు లేకుండా 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యాడు. ఎవరికీ భయపడనివాడని పేరున్న మనిషి, మాట్లాడవలసినప్పుడు మాట్లాడలేదు.

1956లో బ్రిటను సూయజ్ కాలువ మీద దండెత్తింది. అదే సంవత్సరం ఆయన భార్య, శాస్త్రజ్ఞురాలు హెలెన్ స్పర్వే, లండనులో ఒక పోలీసు కుక్క తోక తొక్కి, జుల్మానా కట్టనని మొండికేసి జైలుకు వెళ్ళింది. ఉద్యోగం పోయింది. సూయజ్ చర్యకు నిరసనగా దేశం విడిచిపెడుతున్నానని ప్రకటించి, 1957లో భార్యతో సహా కలకత్తా వచ్చి మహలనోబిస్ నడుపుతున్న భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరాడు. జుబ్బా, పైజమా తొడిగాడు. మాంసం మానేశాడు. 1961లో భారత పౌరుడయ్యాడు. అక్కడ పొసగక, 1962లో ఒరిస్సా ప్రభుత్వ ఆహ్వానం మీద భువనేశ్వరు వెళ్ళి ప్రయోగశాల పెట్టాడు.

బీదదేశంలో ఖరీదైన యంత్రాలు లేకుండా ఏం పరిశోధన చేస్తామని నిట్టూర్చే యువకులకు ఆయన చెప్పినది ఒక్కటే పని. కళ్ళు తెరిచి లెక్కపెట్టడం. ఒక శిష్యుడి చేత పారిజాతం పూలరేకులు లెక్కపెట్టించాడు. మరొకడు కొబ్బరిచెట్ల మట్టలు కుడివైపు మెలి తిరిగాయా, ఎడమవైపు తిరిగాయా అని వేలకొద్దీ చూసి, ఆ మెలి వంశపారంపర్యం కాదని తేల్చాడు. కనబడే ప్రతి లక్షణమూ తల్లిదండ్రుల నుంచి వచ్చినది కాదన్నమాట.

మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు, పిఠాపురంలో పుట్టినవాడు, ఆ శిష్యులలో ఒకడు. చెవుల అంచుల మీద వెంట్రుకలు మొలిచే లక్షణం మగవారికే రావడం చూసి, తన సొంత బంధువుల వంశవృక్షం గీసి, అది వై పోగు మీద తండ్రి నుంచి కొడుకుకు వస్తుందని రాశాడు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో అది ఉదాహరణగా నిలిచింది. 2004లో దక్షిణ భారతంలో అటువంటి మగవారి వై పోగులనే పరీక్షించి చూస్తే అది నిలబడలేదు. హాల్డేన్ బ్రతికి ఉంటే చిన్నబుచ్చుకునేవాడు కాదనుకుంటాను.

ద్రోణంరాజు, మీరాఖాన్ అనే వైద్యునితో కలిసి చేసిన రెండవ పని మనకు ముఖ్యం. ఆంధ్రదేశంలో దగ్గరి బంధువుల మధ్య జరిగే పెళ్ళిళ్ళ వివరాలు సేకరించి 1960లోనూ 1963లోనూ ప్రకటించారు. ఐరోపాలో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లల మధ్య పెళ్ళి అరుదుగా జరిగేది (డార్విన్ 1839లో తన మేనమామ కూతురినే చేసుకున్నాడు). మేనమామ, మేనకోడలు పెళ్ళి మాత్రం అక్కడ మరీ అరుదు. ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలో అచ్చయ్యే నిషిద్ధ బంధువుల పట్టిక కూడా మేనకోడలిని నిషేధించి, మేనమామ కూతురిని వదిలిపెట్టింది. మన దగ్గర రెండూ మామూలే. 1992–93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ పెళ్ళిళ్ళలో మూడింట ఒక వంతు దరిదాపు దగ్గరి బంధువుల మధ్యనే జరిగినట్లు తేలింది. దీనికి కారణాలు అందరికీ తెలుసు. పొలం చీలదు. కట్నం పేచీ ఉండదు. పిల్ల పరాయి ఇంటికి పోదు. అక్కకు తమ్ముడి మీద హక్కు. ఇవన్నీ బలమైన కారణాలే. వాటిని ఎగతాళి చేయకూడదు.

ఇప్పుడు లెక్క చూద్దాము. ఒక అవ్వ ఉంది. ఆమెకు ఒక అంతర్గత జన్యువు చెడ్డది ఒకటి ఉంది. రెండవది మంచిది కాబట్టి ఆమె ఆరోగ్యంగానే ఉంది, ఆమెకే తెలియదు. ఆమె కొడుకుకు ఆ చెడు జన్యువు చేరే అవకాశం రెండింట ఒకటి. ఆమె కూతురికీ రెండింట ఒకటే. ఆ కూతురి బిడ్డకు చేరే అవకాశం అందులో సగం, అంటే నాలుగింట ఒకటి. కొడుకుకు అక్క బిడ్డను కట్టబెట్టారు. ఇద్దరికీ ఆ జన్యువు ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు చెడ్డవీ చేరే అవకాశం, మెండెల్ లెక్క ప్రకారం, నాలుగింట ఒకటి. మొత్తం మీద ముప్పై రెండింట ఒకటి. అదే మేనరికం, అంటే మేనమామ కొడుకు, మేనత్త కూతురు అయితే అరవై నాలుగింట ఒకటి. ఇక ఆ పిల్లను బయటి సంబంధానికి ఇచ్చారనుకుందాము. బయట యాభై మందిలో ఒకరికి ఆ జన్యువు ఉందనుకుంటే, అవకాశం ఎనిమిది వందలలో ఒకటి. తాత వైపు జన్యువులకూ ఇదే లెక్క. పైగా ప్రతి మనిషిలోనూ ఇటువంటి చెడు అంతర్గత జన్యువులు కొన్ని దాగి ఉంటాయి. ఇది పాపం వల్ల వచ్చినది కాదు, దిష్టి వల్ల వచ్చినది కాదు, ఏ ఒక్క ఇంటి వంశానికో పరిమితమైనదీ కాదు.

అలాగని భయపెట్టడమూ సరి కాదు. ఏ దంపతులకైనా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక తీవ్ర లోపంతో పుడతారు. మేనరికంలో ఆ సంఖ్య మీద నూటికి మరో రెండు మూడు కలుస్తాయి. మేనమామ సంబంధంలో ఇంకా ఎక్కువ. అంటే మేనరికం చేసుకున్నవారిలో అత్యధికుల పిల్లలు ఆరోగ్యవంతులే. అందుకనే ఊళ్ళో ఈ మాటెత్తితే, మా అవ్వ మేనరికమే, మా అమ్మ మేనరికమే, మాకేమయింది అని అడుగుతారు. వారికేమీ కాలేదు, నిజమే. కాని ఆ ముప్పై రెండింట ఒక్కటి ఎవరి ఇంట పడుతుందో, పుట్టుచెవుడో, బుద్ధిమాంద్యమో, నెలకోసారి రక్తం ఎక్కించవలసిన బిడ్డో, ఆ ఇంటివారికి అది నూటికి నూరు.

శతాబ్దాల తరబడి ఇలా దగ్గరి పెళ్ళిళ్ళు జరిగిన చోట, చెడు జన్యువులు బయటపడి ఏనాడో ఏరివేయబడి ఉంటాయేమోనని ఆ కాలపు శాస్త్రజ్ఞులు కొందరు తలపోశారు. రాళ్ళు ఏరిన చేను రాళ్ళు లేని చేనైనట్లు. మంచి ఊహే. కాని తరువాతి సర్వేలలో దగ్గరి పెళ్ళిళ్ళ పిల్లల్లో నష్టం తగ్గలేదని కనబడింది. కొత్త మార్పులు పుడుతూనే ఉంటాయి కదా, హాల్డేన్ 1935 లెక్కే దానికి జవాబు. ఇంకొక సంగతి కూడా ఇటీవల తేలింది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం వారు పాలుపంచుకున్న ఒక పరిశోధన 2017లో వెలువడింది. బంధుత్వం లేకపోయినా, ఒకే చిన్న కులంలో వందల ఏళ్ళుగా పెళ్ళిళ్ళు జరిగితే కొన్ని చెడు జన్యువులు ఆ కులంలో పేరుకుపోతాయని అది చూపించింది. మనం బంధువులం కాదు, ఒక్క కులం మాత్రమే అనుకునేవారికి కూడా లెక్క పూర్తిగా తప్పలేదు.

కనుక దగ్గరి సంబంధం ఖాయం చేసుకునే ముందు, ఇంట్లో చిన్నతనంలో పోయిన పిల్లలున్నారా, పుట్టుచెవిటివారున్నారా అని పెద్దలు కూర్చుని తలచుకోవడం మంచిది. ఇద్దరికీ తలసీమియా రక్తపరీక్ష చేయించడం పెద్ద ఖర్చు కాదు. లోపమున్న బిడ్డ పుట్టి ఉంటే, తరువాతి కాన్పుకు ముందే హైదరాబాదులో జన్యు సలహా ఇచ్చే వైద్యులను కలవవచ్చు. పెళ్ళి అయిపోయినవారు దిగులుపడనక్కరలేదు, వైద్యునితో ఈ మాట చెప్పి ఉంచితే చాలు. లోపంతో పుట్టిన బిడ్డ తల్లిని మాత్రం ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఆ పెళ్ళి ఆమె కుదుర్చుకున్నది కాదు.

హాల్డేనుకు పెద్దపేగు చివర కేన్సరు అని లండనులో తేలింది. ఆపరేషను అయింది. ఆసుపత్రి మంచం మీదనే తన జబ్బు మీద ఒక హాస్య పద్యం రాసి పత్రికకు పంపాడు. లక్షణాలు కనబడగానే సిగ్గుపడకుండా వైద్యుని దగ్గరకు వెళ్ళమని లోకానికి చెప్పడమే దాని ఉద్దేశం. కొందరికి అది వెగటుగా తోచింది. బి. బి. సి. వారి కోసం తన మరణవార్తను తానే రికార్డు చేయించాడు. భువనేశ్వరుకు తిరిగివచ్చి, పనిచేస్తూనే, 1964 డిసెంబరు 1వ తేదీన కన్నుమూశాడు. బ్రతికి ఉన్నప్పుడు ప్రయోగాలకు వాడుకున్న దేహం చనిపోయాక తనకు పనికిరాదనీ, ఇతరులకు పనికిరావాలనీ వీలునామాలో రాసి ఉన్నాడు. ఆ ప్రకారమే దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేర్చారు. అప్పటికి ఆ కళాశాల పెట్టి ఆరేళ్ళే. ద్రోణంరాజు తరువాత అమెరికా వెళ్ళి, తన గురువును గురించి పుస్తకాలు రాశాడు. హెలెన్ స్పర్వే ఇంగ్లండుకు తిరిగిపోలేదు. 1978లో హైదరాబాదులో చనిపోయింది.